గాజుపలకకు స్పర్శ యెట్లు తెలియును?

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ పూట నేను ప్రభుత్వ పథకములను గూర్చి మాట్లాడవలసియున్నది. కాని నిన్న సాయంత్రము తరగతి ముగిసిన పిమ్మట ఒక పెద్దమనిషి, పాతికేండ్లుగా వార్డు సభ్యులుగా ఉన్నవారు, నన్ను వరండాలో నిలిపి ఒక ప్రశ్న అడిగిరి. ఆ ప్రశ్నకు అప్పుడు నేను సరియైన సమాధానము చెప్పలేకపోతిని. వారి మాటలు ఇవి:

"అయ్యా, మా ఊళ్ళో కరెంటు స్తంభాల మీద తీగకూ ఇనపకడ్డీకీ మధ్య పింగాణీ కప్పు పెడతారు. పింగాణీకి కరెంటు పట్టదు గనుక పెడతామంటారు. గాజుకూ పట్టదంటారు. మరి మా మనమడి సెల్ ఫోను పైనంతా గాజే గదా! నేను వేలు పెడితే దానికెట్లా తెలుస్తుంది? పుల్లతో తాకితే ఎందుకు తెలియదు?"

రాత్రి చాలసేపు ఆ ప్రశ్ననే తలపోసితిని. కళాశాలలో చదివిన పాఠములను జ్ఞాపకము చేసికొంటిని; ఇంటనున్న పుస్తకములను తిరుగవేసితిని. ఆలోచించినకొలదియు ఆ ప్రశ్న పంచాయతీ పనికి దూరమైనది కాదని తోచినది. దానికి జవాబు వెదుకుచు పోయినచో జర్మనీలోని గనులు, యుద్ధ విమానములు, బెంగుళూరులోని ప్రయోగశాల, తుదకు మన ఊరి చెత్తకుప్ప కూడ దారిలో తగులును. కావున అధ్యక్షులవారి అనుమతితో ఈ పూట ఆ విషయమునే మనవి చేయుదును.

వెలుగునకు దారి, విద్యుత్తునకు దారి

పెద్దలు అడిగినదానిలో తప్పేమియు లేదు. మామూలు గాజు విద్యుత్తును పోనీయదు. రాగి, వెండి, అల్యూమినియము పోనిచ్చును. అట్లు పోనిచ్చు వస్తువును వాహకమనియు, పోనీయని దానిని బంధకమనియు అందురు. ఈ భేదమునకు కారణము ఎలక్ట్రానులు. ప్రతి పదార్థములోను ఈ సూక్ష్మ కణములు కలవు. లోహములో వీనిలో కొన్ని స్వేచ్ఛగా తిరుగుచుండును. గాజులో అవి కట్టుగొయ్యకు కట్టిన పశువులవలె తమ తమ స్థానములలో బంధింపబడియుండును. తిరుగాడు ఎలక్ట్రానులున్నచోటనే విద్యుత్తు ప్రవహించును.

అయినచో గాజునకు బదులు లోహమునే వాడరాదా అని అడుగవచ్చును. ఇక్కడనే చిక్కు. ఏ స్వేచ్ఛా ఎలక్ట్రానులు విద్యుత్తును మోయునో, అవియే వెలుగును అడ్డగించును. లోహముపై పడిన వెలుగును అవి వెనుకకు మరలించివేయును. అద్దము వెనుక లోహపు పూత పూయుటకు, కంచుపళ్ళెము తళతళలాడుటకు కారణమిదియే. వెలుగు సాగవలెనన్న ఎలక్ట్రానులు కట్టుబడియుండవలెను; విద్యుత్తు సాగవలెనన్న అవి విడివడియుండవలెను. ఈ రెండును ఒకేచోట సమకూరుట కష్టము. కావుననే గాజువలె పారదర్శకమై, లోహమువలె విద్యుత్తును మోయు పదార్థములు ప్రకృతిలో అరుదు. వీనినే పారదర్శక విద్యుద్వాహకములందురు.

మీ చేతిలోని సెల్ ఫోను తెర గాజుపలకలపై కంటికి కనిపించని పూతగా ఉన్నది ఇట్టి పదార్థమే. చాలవానిలో ఇది ఇండియం అను లోహపు ఆక్సైడు. అందులో కొంచెము తగరపు ఆక్సైడు కలిసియుండును. సాధారణముగా తూకములో 100 పాళ్ళకు 90 పాళ్ళు ఇండియం ఆక్సైడు, 10 పాళ్ళు తగరపు ఆక్సైడు. ఈ పూత మందము మిల్లీమీటరులో పదివేల వంతులు ఒకటి రెండు మాత్రమే. తలవెండ్రుక మందములో అది సుమారు 500వ వంతు. అంత పలుచని పూత తనపై పడు వెలుగులో నూటికి 80 నుండి 90 పాళ్ళు పోనిచ్చుచు, విద్యుత్తును కూడ మోయుచున్నది.

ఇది ఎట్లు సాధ్యమైనది? ఇండియం పరమాణువు ఆక్సిజనుతో కూడునపుడు మూడు ఎలక్ట్రానులను ఇచ్చును. తగరపు పరమాణువు నాలుగింటిని ఇయ్యగలదు. ఇండియం కూర్చుండవలసిన చోట తగరము కూర్చున్నచో, మూడు ఎలక్ట్రానులు బంధములకు సరిపోయి నాలుగవది మిగిలిపోవును. నాట్లకు ముగ్గురు చాలిన మడిలోనికి నలుగురు వచ్చినచో ఒకరు గట్టుపై ఖాళీగా ఉన్నట్లు! పనిలేక మిగిలిన ఆ ఎలక్ట్రానే అటునిటు తిరుగుచు విద్యుత్తును మోయును. తక్కిన ఎలక్ట్రానులు గట్టిగా కట్టుబడియుండుటచేత, మన కంటికి కనబడు వెలుగునకు వానిని కదల్చు బలము చాలదు; వెలుగు వానిని తాకక సాగిపోవును. తిరుగాడు ఎలక్ట్రానులో, లోహములో ఉన్నదానిలో నూరవ వంతుకు దరిదాపుగా మాత్రమే యుండును. అవి వెలుగును మరలించుటకు చాలవు. కాని కంటికి కనబడని ఉష్ణకిరణములను మరలింపగలవు. ఈ రెండవ గుణము కూడ ఉపయోగమునకు వచ్చినది. అది ముందు చెప్పెదను.

ఒక లోహము, మన దేశపు పేరు

ఈ ఇండియం పేరు వినినప్పుడు మన దేశపు పేరు వినినట్లే యుండును. అది కాకతాళీయము కాదు. 1863వ సంవత్సరమున జర్మనీలోని ఫ్రైబెర్గ్ పట్టణమున ఫెర్డినాండ్ రైఖ్ అను శాస్త్రజ్ఞుడు జింకు ఖనిజమును పరీక్షించుచుండెను. ఖనిజమును మండించి, ఆ మంట వెలుగును పట్టకము గుండ చూచినచో ఒక్కొక్క మూలకమునకు ఒక్కొక్క రంగు గీత కనబడును. కాని రైఖ్ కన్ను రంగులను సరిగా గుర్తింపలేదు. అందుచేత తన సహాయకుడైన థియొడోర్ రిక్టర్‌ను చూడుమనెను. రిక్టర్ అంతకు ముందెవ్వరును చూడని నీలిరంగు గీతను చూచెను. అది నీలిమందు రంగును పోలియుండుటచేత, నీలిమందుకు ఐరోపా భాషలలోనున్న ఇండిగో అను పేరునుబట్టి ఆ లోహమునకు ఇండియం అని పేరిడిరి. నీలిమందుకు ఆ పేరు మన దేశమునుండి పోయిన సరకగుటచేత వచ్చినది. మన తెలుగునాట కలంకారీ బట్టలకు వాడిన నీలియే అది.

పారదర్శక వాహకములలో మొదటిది మాత్రము ఇండియంతో చేసినది కాదు. 1907లో కార్ల్ బేడెకర్ అను జర్మను భౌతిక శాస్త్రజ్ఞుడు గాజుపై కాడ్మియము లోహపు పలుచని పూత వేసి గాలిలో వేడిచేసెను. లోహము ఆక్సైడుగా మారి, దాని గుండ వెలుగు సాగెను. ఐనను విద్యుత్తును మోయుట మానలేదు. అప్పటికి ఇది ప్రయోగశాలలోని వింతగానే మిగిలిపోయినది.

దీనికి పని కల్పించినది రెండవ ప్రపంచ యుద్ధము. ఎత్తున ఎగురు విమానముల ముందరి గాజుపై మంచు పేరుకొని విమానచోదకునకు దారి కనబడకుండెడిది. గాజు వెనుక తీగలు అమర్చినచో చూపునకు అడ్డము. తగరపు ఆక్సైడు పూత పూసి అందులో విద్యుత్తును పంపినచో గాజు వేడెక్కి మంచు కరగిపోయెను. చూపునకు అడ్డమేమియు లేదు. ఆ పనియే సాగి 1950 ప్రాంతమున అమెరికాలో ఇండియం, తగరముల మిశ్రమ ఆక్సైడుకు పేటెంటులు వచ్చినవి. తరువాత చేతి గడియారములు, లెక్కల యంత్రములు, టెలివిజనులు వచ్చినవి. వాని ద్రవస్ఫటిక తెరలలో రెండు గాజుపలకల నడుమ ఒక ద్రవము ఉండును. దానికి విద్యుత్తును అందించుటకు పలకల లోపలి వైపున పూత కావలెను. ఆ పూత గుండనే మనము బొమ్మను చూడవలెను. పారదర్శక వాహకము లేక ఆ తెర లేదు.

వేలికి జవాబు, పుల్లకు మౌనము

ఇక పెద్దలు అడిగిన ప్రశ్నకు వత్తును. వేలితో తాకు తెరను గూర్చి 1965లో ఇంగ్లండునందు ఇ. ఎ. జాన్సన్ అను ఇంజనీరు ప్రకటించెను. విమానముల రాకపోకలను చూచు అధికారుల పనికై ఆయన దీనిని తలపెట్టెను. 1970ల తొలి సంవత్సరములలో ఐరోపాలోని సెర్న్ పరిశోధన సంస్థలో ఇట్టి తెరలను తయారుచేసి పెద్ద యంత్రములను నడుపుటకు వాడిరి. 2007 తరువాత ఇవి జనసామాన్యపు సెల్ ఫోనులలోనికి వచ్చినవి.

తెరలోపల పారదర్శకమగు పూతను సన్నని పట్టీలుగా చీల్చియుందురు. కొన్ని నిలువుగా, కొన్ని అడ్డముగా, పొలములోని గట్లవలె ఒకదాని నొకటి దాటుచుండును. కాని ఒకటొకటి అంటుకొనవు. విద్యుత్తును పెట్టినపుడు రెండు పట్టీలు దాటుకొను ప్రతిచోటను కొద్దిపాటి విద్యుదావేశము నిలువయుండును. మన దేహములో ఉప్పునీరున్నది. కావున దేహమును వాహకమే. వేలు దగ్గరకు రాగానే ఆ నిలువలో కొంత వేలివైపు మరలును. ఫోనులోని చిన్న యంత్రాంగము క్షణమునకు అనేక పర్యాయములు ప్రతి కూడలిని పరీక్షించుచుండును. ఏ నిలువు పట్టీ, ఏ అడ్డపట్టీ కలియుచోట నిలువ తగ్గినదో, అక్కడ వేలు ఉన్నదని గ్రహించును. విద్యుత్తు పైగాజును దాటి మన వేలిలోనికి ప్రవహింపలేదు. కనుకనే మనకు షాకు తగులలేదు. గాజు బంధకముగానే ఉన్నది. గాజు వెనుకనున్న పూతయే వేలిని కనిపెట్టినది.

పుల్ల ఎండినది, అందులో విద్యుత్తును మోయునది లేదు. అందుచేత తెర దానిని లెక్కచేయదు. పొలమునుండి వచ్చి తడిచేతితో ముట్టినచో తెర తికమకపడును. నీరు కూడ నిలువను మరలించుటయే దానికి కారణము. కొన్ని పాత యంత్రములు గట్టిగా నొక్కినగాని పలుకవు. వానిలో రెండు పూతపొరలు ఎడముగా ఉండి, నొక్కినపుడు ఒకటొకటి తాకును. వానికి పుల్లయైనను సరిపోవును.

సూర్యశక్తి పలకలలోను ఈ పూత ఉన్నదా అని కొందరు అడుగవచ్చును. మన ఊళ్ళలో పంపుసెట్లపై, వీధిదీపములపై ఎక్కువగా కనబడు సిలికాను పలకలలో పైభాగమున సన్నని వెండి గీతలు విద్యుత్తును పోగుచేయును. మామూలు రకములలో ఈ పూత అక్కరలేదు. గాజుపై పలుచని పొరలుగా పరచు రకములకు మాత్రము పారదర్శక వాహకపు పూత తప్పదు. కాడ్మియం టెల్లూరైడుతో చేయు పలకలు అట్టివి. వానిని చేయు పెద్ద కర్మాగారము ఒకటి 2024 జనవరిలో చెన్నపట్టణమునకు సమీపమున ప్రారంభమైనది. ఇక ముందు చెప్పిన ఉష్ణకిరణములను మరలించు గుణముచేత, తగరపు ఆక్సైడు పూసిన గాజును భవనముల కిటికీలకు వాడుచున్నారు. చలి దేశములలో లోపలి వేడి బయటికి పోకుండ అది కాపాడును.

తవుడువంటి లోహము

ఇంతవరకు విన్నదంతయు వింతగాను, సంతోషకరముగాను ఉన్నది. ఇక కష్టమైన మాట చెప్పెదను.

ఇండియం గని అని ఎక్కడను ప్రత్యేకముగా ఉండుట అరుదు. అది జింకు ఖనిజములో పది లక్షల పాళ్ళకు ఒకటికంటె తక్కువ మొదలు 100 పాళ్ళ వరకు మాత్రమే యుండును. జింకు తీయు కర్మాగారములలో మిగిలిన మడ్డినుండి దానిని వేరుచేయుదురు. తవుడు కావలెనని ఎవ్వరును వడ్లు మరపట్టింపరు. బియ్యమునకై పట్టింపగా తవుడు వచ్చును. తవుడు ధర ఎంత పెరిగినను ఊరిలో బియ్యము ఖర్చును మించి మర ఆడదు. ఇండియం సంగతియు అంతే. ప్రపంచమంతటిలో సంవత్సరమునకు శుద్ధిచేయు ఇండియం సుమారు 1,000 టన్నులు. అందులో చాలభాగము చైనాలోనే తయారగుచున్నది. 2025 ఫిబ్రవరిలో చైనా ప్రభుత్వము దీని ఎగుమతిపై అనుమతుల నిబంధన విధించినది. వేరొకరి తాళముచెవి చేతనున్న గిడ్డంగిపై ఆధారపడిన వర్తకుని స్థితి ఎట్టిదో మీకు తెలియును.

దుబారా వేరొకటి. పూత వేయుటకు గాలి తీసివేసిన పెట్టెలో ఇండియం, తగరముల ఆక్సైడు పలకను ఉంచి, ఆర్గాను వాయువు కణములను దానిపైకి వేగముగా విసరుదురు. గోలీ తగిలి గోలీ ఎగిరినట్లు పలకనుండి పరమాణువులు ఎగిరి గాజుపై పడును. కాని గాజుపై పడునది మూడవ వంతు మాత్రమే. తక్కినది పెట్టె గోడలపైన, పలకపైన మిగిలిపోవును. దానిని కర్మాగారమువారే పోగుచేసి తిరిగి వాడుదురు. తిరిగి వాడుకకు వచ్చు ఇండియంలో ఎక్కువ భాగము ఈ విధముగా వచ్చినదే. మనము పారవేసిన ఫోనులనుండి వచ్చునది అత్యల్పము.

మూడవది మనుష్యుల ఆరోగ్యము. జపాను దేశమున ఈ పలకలను అరగదీయు పనిచేసిన ఒక కార్మికుడు ఊపిరితిత్తుల వ్యాధితో 2001లో మరణించెను. అతని ఊపిరితిత్తులలో ఆ ఆక్సైడు ధూళిని వైద్యులు కనుగొనిరి. 2003లో ఆ సంగతి వైద్యపత్రికలో ప్రకటితమైన పిమ్మట, ఇట్టి కర్మాగారములలో ధూళిని అదుపుచేయుటకు జపాను ప్రభుత్వము 2010లో నియమములను చేసినది. ఫోను వాడువారికి ఈ భయము లేదని స్పష్టముగా మనవి చేయుచున్నాను. పూత గాజునకు అంటుకొనియుండును, ధూళిగా లేవదు. ప్రమాదము దానిని తయారుచేయువారికి, పొడిచేయువారికి. కాని మనకు సుఖముగా చేరిన ప్రతి వస్తువు వెనుక ఒకని ఊపిరి ఉన్నదని మనము మరువరాదు.

ప్రత్యామ్నాయముల అన్వేషణ

ఈ మూడు కారణములచేత అనేక దేశముల శాస్త్రజ్ఞులు ఇండియంకు బదులు వెదకుచున్నారు. ఇండియం పూతకు మరియొక లోపము కూడ కలదు: అది గాజువలె పెళుసు. వంచినచో బీటలు వారును. మడుచుకొను తెరలకు అది పనికిరాదు.

తగరపు ఆక్సైడులో కొంచెము ఫ్లోరిను కలిపిన పూత చవుక, గట్టిది. కాని విద్యుత్తును మోయుటలో కొంత వెనుకబడును. బక్కెట్లకు పూత వేయు జింకు అందరికి తెలిసినదే. జింకు ఆక్సైడులో అల్యూమినియము కలిపినను పని జరుగును. కాని తేమకు అది చెడును. వెండిని వెండ్రుకకంటె వేయి రెట్లు సన్నని తీగలుగా చేసి గాజుపై చల్లుట మరియొక పద్ధతి. కాని ఆడపిల్లల వెండిపట్టీలు నల్లబడినట్లే గాలిలోని గంధకముచేత ఈ తీగలును నల్లబడును. పెన్సిలులోని నల్లని పదార్థమునుండి ఒకే ఒక పరమాణువు మందముగల పొరను 2004లో ఇంగ్లండులోని మాంచెస్టరులో గైమ్, నొవొసెలొవ్ అను శాస్త్రజ్ఞులు వేరుచేసిరి. 2010లో వారికి నోబెలు బహుమతి లభించెను. గ్రాఫీను అను ఆ పొర వెలుగులో నూటికి రెండు పాళ్ళకు కొంచెము పైగా మాత్రమే మింగును; కాని పెద్ద పలకలపై దోషము లేకుండ పరచుట నేటికిని కష్టమే. విద్యుత్తును మోయు ప్లాస్టికులు కూడ కలవు. 1977లో వానిని కనుగొన్న ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2000లో నోబెలు బహుమతి ఇచ్చిరి. అవి వంగును, కాని చాలకాలము మన్నవు.

వీనిలో మన హృదయమునకు దగ్గరగా నుండునది మన పొరుగునున్న బెంగుళూరులోని పని. అక్కడి జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత విజ్ఞాన పరిశోధన కేంద్రమున ఆచార్య జి. యు. కులకర్ణిగారు, వారి శిష్యులు ఒక ఉపాయమును పన్ని 2014 ప్రాంతమున ప్రకటించిరి. మీలో ప్రతివారును వేసవిలో ఎండిన చెరువును చూచియుందురు. బురద ఆరినకొలది బీటలు వారును. ఒక బీట మరొక బీటతో కలిసి చెరువంతయు వలవలె అల్లుకొనును. ఒక మూలనుండి మరొక మూలకు బీటవెంట పోవచ్చును. కులకర్ణిగారి బృందము గాజుపై ఒక జిగురువంటి పదార్థమును పలుచగా పూసి ఆరనిచ్చిరి. అదియు చెరువువలెనే బీటలు వారెను. ఆ బీటలపై లోహపు పూత వేసి, తరువాత జిగురును కడిగివేసిరి. బీటలలో పడిన లోహము మాత్రము గాజుపై నిలిచి, కంటికి ఆనని సన్నని లోహపు వలగా మిగిలినది. వలకండ్ల గుండ వెలుగు సాగును. దారముల వెంట విద్యుత్తు సాగును. దీనికి ఇండియం అక్కరలేదు. ఏ బీట ఎక్కడ వారవలెనో గీయుటకు ఖరీదైన యంత్రమును అక్కరలేదు. రైతు కంటికి కరవు గుర్తుగా కనబడు దృశ్యములో శాస్త్రజ్ఞుని కన్ను ఒక పనిముట్టును చూచినది.

ఈ పద్ధతులలో ఏ ఒక్కటియు ఇండియంను పూర్తిగా తొలగింపలేదు. నేటికిని తెరలలో అధికభాగము దానిపైననే ఆధారపడియున్నవి.

మన చెత్తకుప్ప, మన బాధ్యత

ఇక ఇవన్నియు పంచాయతీకి ఏమి సంబంధమో చెప్పి ముగించెదను.

క్రిందటి వేసవిలో ఒక గ్రామమునకు పోయితిని, పేరు చెప్పను. ఊరి వెలుపల చెత్తకుప్ప వద్ద ఇద్దరు పిల్లలు పాత చార్జరు తీగలను, ఫోనుల లోపలి పలకలను కుప్పపోసి తగులబెట్టుచుండిరి. రాగి కరగక మిగులును. దానిని పాత సామానులవానికి అమ్ముదురు. ప్రక్కన పగిలిన తెరలు చెల్లాచెదరుగా పడియుండెను. ఒక పిల్లవాని పాదమునకు గాజు గీరుకొని నెత్తురు కారుచుండెను. ఆ నల్లని పొగ ప్రక్కనున్న పాకలలోనికి పోవుచుండెను. నేను సర్పంచుగారితో ఈ సంగతి చెప్పగా వారు నొచ్చుకొని, "మేము చెత్త ఎత్తిస్తున్నామండీ, కాని దీన్నేం చేయాలో మాకెవరూ చెప్పలేదు" అనిరి. ఆ మాట నాకు తగిలినది. చెప్పవలసిన ఉద్యోగము నాది.

కావున ఇప్పుడు చెప్పుచున్నాను. ఒక ఫోను తెరలో ఇండియం కొలది మిల్లీగ్రాములు మాత్రమే. దానికొరకు పాత ఫోనులు కొనువారు లేరు. వారు బంగారమునకు, రాగికి కొందురు. మనము కాల్చినచో ఆ కొలది ఇండియం కూడ తిరిగి దొరకకుండ బూడిదలో కలియును. అంతకంటె ముఖ్యము, తీగల ప్లాస్టికు పొగయు, అతుకులలోని సీసమును మన పిల్లల ఊపిరిలోనికి, మన బావుల లోనికి పోవును. బ్యాటరీ నలిగినను, మంటలో పడినను పేలగలదు. ఇండియం నష్టము దేశమునకు. పొగ నష్టము మన వార్డునకు.

ఎలక్ట్రానిక్ వ్యర్థములను గూర్చిన 2022వ సంవత్సరపు నియమములు 2023 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినవి. వానిననుసరించి, వస్తువులను తయారుచేసినవారే పాతబడినవానిని తిరిగి శుద్ధిచేయించు భారము వహింపవలెను. ఆ పని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వద్ద నమోదైన సంస్థలే చేయవలెను. చట్టము పైనున్నది, కాని పాత ఫోను మన ఇంటి అటకపైనున్నది. ఆ రెంటి నడుమ దారి వేయగలది పంచాయతీయే.

ఇందుకు పెద్ద నిధులు అక్కరలేదు. పంచాయతీ కార్యాలయమున మూతగల ఒక పెట్టె ఉంచి, పాత ఫోనులు, చార్జరులు, పగిలిన తెరలు అందులో వేయుమని దండోరా వేయింపవచ్చును. ఉబ్బిన బ్యాటరీలను వేరుగా, ఇసుక పోసిన డబ్బాలో, ఎండ తగులని చోట ఉంచవలెను. ఊరిలో ఫోను బాగుచేయు కుఱ్ఱవానిని ఈ పనిలో చేర్చుకొనవలెను. తెరను మార్చి ఫోనును మరి రెండేండ్లు నడిపించువాడు క్రొత్త తెరకు కావలసిన లోహమును మిగిల్చినవాడే. పెట్టె నిండినపుడు నమోదైన సంస్థకే అప్పగించి రసీదు పుచ్చుకొనవలెను. మండల పరిషత్తు కార్యాలయము ద్వారా పది గ్రామములవారు కలిసి ఈ ఏర్పాటు చేసికొన్నచో బండి ఖర్చు తగ్గును. చెత్తకుప్ప వద్ద తీగలు కాల్చుటను గ్రామసభ తీర్మానముతో నిషేధింపవలెను. కాల్చు పిల్లలను దండించుట కాదు. వారు ఎందుకు కాల్చుచున్నారో విచారించి బడికి పంపుట పంచాయతీ ధర్మము.

మన పాఠశాలలలో ఉపాధ్యాయులు ఈ సంగతిని పాఠముగా చెప్పవచ్చును. ఎండిన చెరువులోని బీటలను చూపి బెంగుళూరు ప్రయోగమును వివరించినచో మన పిల్లలలో ఎవరైన రేపు ఇండియం అక్కరలేని తెరను చేయకపోరు. శ్రీసిటీలో 2015లో సెల్ ఫోనులను కూర్చు పని ప్రారంభమైనది. మన యువతులు అనేకులు అక్కడ పనిచేసిరి. కూర్చుట ఒక విద్య. పూతను కనిపెట్టుట అంతకంటె పై విద్య. మొదటిది వచ్చినచోట రెండవది రాకూడదని లేదు.

ఈ ఉదయము సభకు ముందు నిన్నటి పెద్దమనిషికి ఈ సంగతులు క్లుప్తముగా చెప్పితిని. వారు కొంతసేపు మనమడి ఫోనును త్రిప్పి చూచి, "అయితే అయ్యా, స్తంభం మీది పింగాణీ కరెంటును ఆపి మనల్ని కాపాడుతుంది, ఈ గాజు వెనక పూత కరెంటును పోనిచ్చి మన మాట వింటుంది. రెండూ పగలకుండా చూసుకోవాలి, పగిలితే ఊరిమీద పడెయ్యకూడదు. అంతేగా?" అనిరి.

నేను ఇంతసేపు చెప్పినదానిని వారు రెండు వాక్యములలో ముగించిరి. మీరు మీ మీ గ్రామములకు పోయి, వచ్చు గ్రామసభలో ఈ విషయమును చర్చకు పెట్టుదురని ఆశించుచు ఇంతటితో విరమించుచున్నాను.